పాలెవై స్థలంలో దిగిన ఇల్లు

తెల్లారగానే బెస్సె చేసే మొదటి పని నిచ్చెన చూసుకోవడం. రాత్రి ఇల్లు ఏమైనా జరిగి ఉంటే నిచ్చెన కింది మెట్టు నేలకు ఆనదు. చూసుకోకుండా దిగితే నడుం విరుగుతుంది. సాలో లంపే ఊళ్లో ఇళ్లన్నీ కొయ్య స్తంభాల మీద నిలబడ్డవే. స్తంభాలు రాతిబండల మీద ఊరికే ఆనించి ఉంటాయి, పాతి ఉండవు. అందుకని కాళ్లు తిమ్మిరెక్కినప్పుడు ఇళ్లు కాస్త అటూ ఇటూ జరుగుతుంటాయి.

"ఇవాళ ఎటు జరిగిందే?" అని లోపల్నుంచి అడిగేది అత్తగారు ఇందో సోంపా.

"మామిడిచెట్టు కింద నుంచి తప్పుకుంది అత్తా. రాత్రంతా కాయలు రేకుల మీద పడుతూనే ఉన్నాయిగా."

"పడవూ మరి. నాకే నిద్ర లేదు, దానికెక్కడ పడుతుంది?"

బెస్సె బండలను కాలితో తోసి స్తంభాల కిందకు సర్ది, నిచ్చెన మళ్లీ కట్టి, పొయ్యి వెలిగించేది. పచ్చి అరటికాయలను నూనెలో ఒకసారి వేయించి, తీసి, రోకలితో చితగ్గొట్టి, మళ్లీ వేయించి, ఎండుచేప వేసి నూరిన మిరపకాయ పచ్చడితో రోడ్డు పక్కన అమ్మేది. ఎనిమిదేళ్లుగా ఆ ఇంటికి అదే ఆధారం. ఇందో సోంపా ఒక్కగానొక్క కొడుకు చేపల వేటకు వెళ్లి తుఫానులో తిరిగి రాలేదు. పిల్లల్లేని కోడలు పుట్టింటికి వెళ్లిపోతుందని ఊరంతా అనుకున్నారు. బెస్సె వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని ఎవరూ అడగనూ లేదు. అడిగితే ముసలామె నోటికి దొరికిపోతామని భయం.

ఇల్లు వాళ్లదే. ఇంటి కింద నేల మాత్రం హాజీ తాంగ్కాది. హాజీగారి తండ్రి ఏనాడో "ఉండండి, నేలకేం పోయింది" అన్నాడు. ఆ మాట మీదే ఇల్లు ఇన్నేళ్లు నిలబడింది.

నేలకు విలువ రానంత కాలం ఆ మాటకు ఢోకా లేకపోయింది. సముద్రం వెంబడి రోడ్డు వెడల్పు చేయడం మొదలుపెట్టాక ఊరు ఊరంతా మారిపోయింది. మకస్సర్ పట్నం నుంచి కార్లు రావడం, కార్లలోంచి దిగినవాళ్లు చెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకుని సముద్రాన్ని చూడటం, చూసి తల ఊపడం. వాళ్ల వెనకే ఉపె. ఉపె అంతకు ముందు కోళ్ల బేరం చేసేవాడు. ఇప్పుడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని స్థలాల బేరం చేస్తున్నాడు.

"ఇది కొబ్బరితోట అనుకుంటున్నారు మీరు," అనేవాడు ఊళ్లోవాళ్లతో. "కాదు. ఇది సముద్రం కనిపించే భూమి."

"సముద్రం ఇన్నాళ్లూ కనిపించలేదా మాకు?" అనేది ఇందో సోంపా కిటికీలోంచి.

"కనిపించింది పెద్దమ్మా. ఊరికే కనిపించింది. ఇకనుంచి కొనుక్కుని చూస్తారు."

మకస్సర్ కంపెనీ ఒకటి విడిది హోటలు కట్టడానికి రెండు చోట్లు అడిగింది. ఒకటి బెస్సె ఇల్లున్న హాజీ తాంగ్కా తోట. రెండోది రోడ్డు మలుపులో ఉన్న పాలెవై స్థలం. పాలెవై సముద్రంలో నాచు పెంచి, ఒడ్డున తడికెల మీద ఎండబెట్టి అమ్ముకునే మనిషి. నలభై అయిదు దాటినా పెళ్లి కాలేదు. అమ్మానాన్నా పోయాక తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ పెంచి ఒక్కొక్కరినీ ఒక ఇంటివాళ్లను చేసేసరికి తన సంగతి వెనకబడిపోయింది. మలుపులో అంత మంచి స్థలం ఉన్నా దానిలో ఇల్లు కట్టుకోలేదు. నాచు బస్తాలుంచే పాకలోనే ఒక మూల పడుకునేవాడు. ఆఖరి తమ్ముడు సముద్రం అవతల కలిమంతాన్‌లో పామాయిలు తోటలో మేస్త్రీ. "ఒక్కడివే అక్కడేం చేస్తావన్నా, అమ్మేసి వచ్చెయ్," అని ఫోన్లు చేస్తే, ఒక రోజు సరేనన్నాడు. ఎందుకన్నావని ఎవరో అడిగితే, "కాదనడానికి కారణం వెతికాను. దొరకలేదు," అన్నాడట.

హాజీ తాంగ్కా చెడ్డవాడు కాదు. బెస్సెతో ఆ మాట చెప్పడానికి వారం రోజులు అరటికాయలు కొనడానికి వచ్చి, కొనుక్కుని, చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆఖరికి ఒక పొద్దున పొట్లం చేతిలో పట్టుకునే చెప్పేశాడు.

"అమ్మాయ్, మా నాన్న మాట ఇచ్చిన మాట నిజమే. కానీ నాకు నలుగురు కూతుళ్లు. నలుగురు అల్లుళ్లూ రోజూ వచ్చి కూర్చుంటున్నారు."

"ఎక్కడికి పొమ్మంటారు హాజీగారూ?"

"నా రొయ్యల చెరువుల వెనక మడచెట్ల పక్కన జాగా ఉంది. అది నీకు రాసిచ్చేస్తాను. ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు."

మడచెట్ల పక్క జాగా ఎవరికైనా తెలిసిందే. పోటు వస్తే నీళ్లు, ఆటు తీస్తే బురద, మిగతా వేళల్లో దోమలు. అక్కడికి అరటికాయలు తినడానికి ఎవరొస్తారు? బెస్సె నూనెలోని ముక్కలు తిరగేస్తూ నిలబడింది. కాళ్ల కింద నేల వేరేవాళ్లదని ఆమెకు ఎప్పుడూ తెలుసు. తెలియడం వేరు, ఆ సంగతి ఎదుటికొచ్చి నిలబడటం వేరు.

"సరే," అంది చివరికి. "శుక్రవారం నమాజు అయ్యాక మోద్దాం."

ఇందో సోంపా మాత్రం పైనుంచి అంది, "తీసుకెళ్లు హాజీ, తీసుకెళ్లు. అది రానంటే మాత్రం నన్నడక్కు."

ఇల్లు మోయడం అంటే సాలో లంపేలో పండగే. మసీదు నుంచి మగవాళ్లంతా తిన్నగా అక్కడికే వచ్చారు. స్తంభాలకు అడ్డంగా, నిలువుగా లావు వెదుళ్లు కట్టారు. ఆడవాళ్లు చెట్టు కింద పెద్ద బానల్లో చేపల పులుసు పెట్టారు, ఆకుల్లో చుట్టిన అన్నం ముద్దలు గుట్టగా పోశారు. బెస్సె గిన్నెలూ దుప్పట్లూ దించి బండిలో వేసింది. ఇందో సోంపా దిగలేదు.

"పెద్దమ్మా, దిగు. బరువు తగ్గుతుంది," అన్నారు కుర్రాళ్లు.

"నేనెంత బరువుంటానురా? ఎండుచేపంత ఉండను. ఈ ఇంట్లోకి కోడలిగా ఎక్కాను, దిగను. మోసుకుపోండి."

ఆమె కిటికీ దగ్గర చాప వేసుకుని, ఒళ్లో కోడిపెట్టను పెట్టుకుని కూర్చుంది.

హాజీ తాంగ్కా మసీదులోని చేతి మైకు తెచ్చుకుని ముందు నిలబడ్డాడు. స్థలం ఖాళీ అయ్యేది ఆయనకే కాబట్టి మోత పెద్దరికం కూడా ఆయనదే. "బిస్మిల్లా," అన్నాడు. "ఎత్తండి."

ఎత్తారు. ఇల్లు కదల్లేదు. వెదుళ్లు విల్లుల్లా వంగాయి. మనుషుల మెడల మీద నరాలు తేలాయి.

"మళ్లీ," అన్నాడు హాజీ.

ఇల్లు బండల మీద ఇంకాస్త గట్టిగా కూర్చుంది. ఒక స్తంభం కింద రాయి పటుక్కున పగిలింది.

"దానికి మడచెట్లు ఇష్టం లేదు," అన్నాడు వెదురు పట్టుకున్న ఒక ముసలాయన, చెమట తుడుచుకుంటూ. గాడిద మొండికేసిందన్నంత మామూలుగా అన్నాడు. "మొహం తిప్పి చూద్దాం."

రోడ్డు వైపు తిరిగారు. తిరిగారో లేదో వెదుళ్లు చేతుల్లో తేలికైపోయాయి. ఇంత సేపు పళ్లు బిగించినవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. ఇల్లు దూదిమూటలా పైకి లేచింది. పొట్టివాళ్ల కాళ్లు నేలకు అందక వెదురుకు వేలాడారు.

"ఆగండి, అటు కాదు," అన్నాడు హాజీ మైకులో.

"మేమెక్కడ పోతున్నాం హాజీగారూ? అదే పోతోంది. మేం పట్టుకున్నాం, అంతే."

ఆ ఊళ్లో ఇల్లు తనంతట తాను వెళ్లి దిగితే దాన్ని లేపడం ఎవరి తరమూ కాదు. మళ్లీ దానికి బుద్ధి పుట్టే దాకా వందమంది పట్టినా లేవదు. నేలకు విలువ లేని రోజుల్లో ఇది ఎవరికీ పట్టేది కాదు. వచ్చిన ఇంటికి కొబ్బరికాయ కొట్టి, పొరుగు దొరికిందని సంతోషించేవాళ్లు. ఇప్పుడు మాత్రం ఇల్లు రోడ్డెక్కిందన్న కేక వినగానే స్థలాలున్నవాళ్లంతా పులుసు గిన్నెలు వదిలి పరిగెత్తారు. ఒకాయన తన ఖాళీ జాగా మధ్య కుర్చీ వేసుకుని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఒకామె పక్కింటి గేదెను కూడా తోలుకొచ్చి తన పెరట్లో కట్టేసింది. బడిపంతులు భార్య రెండు చేతులూ చాచి నిలబడి, "మాకు చుట్టాలొస్తున్నారు, జాగా లేదు," అని ఇంటితోనే చెప్పింది.

ఇందో సోంపా కిటికీలోంచి తల బయటపెట్టి అందరినీ పలకరిస్తూ పోయింది. "కూర్చో నాయనా, కూర్చో. నీ దగ్గర దిగడానికి మా ఇంటికేం ఖర్మ?"

బెస్సె బండి పక్కన నడుస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు. తన ఇల్లు ఊరంతటికీ అక్కర్లేనిదై వీధి వెంట పోతోంది. కానీ ఎంత దర్జాగా పోతోందో.

ఉపె మాత్రం నల్లకళ్లద్దాలు నెత్తి మీదకు తోసుకుని, ఇంటికి ముందు వెనక్కి నడుస్తూ చేతులూపుతున్నాడు. అన్ని స్థలాలూ దాటాక మిగిలింది ఒక్కటే అని అతనికి అర్థమైంది. "అక్కడొద్దు. అది బేరం అయిపోయింది. సోమవారం సంతకాలు," అన్నాడు. ఎవరితో అంటున్నాడో అతనికే తెలియదు.

మలుపు దగ్గరకు వచ్చేసరికి వెదుళ్లు బరువెక్కాయి. ఇల్లు నాచు తడికెలను తప్పించుకుని, పాకకు పది బారల దూరంలో, సముద్రానికి మొహం పెట్టి, ఒక్కో కాలూ ఆనించుకుంటూ దిగింది. పెట్ట ఇందో సోంపా ఒళ్లోంచి దూకి, కిటికీలోంచి బయటకు చూసి, మళ్లీ వచ్చి కూర్చుంది.

హాజీ తాంగ్కా మైకు దించాడు. కాసేపు ఆలోచించి, "పులుసు ఇక్కడికి తెప్పించండి," అన్నాడు.

పాలెవై అప్పుడు సముద్రం మీద ఉన్నాడు. అమ్మేసి వెళ్లే లోపు ఆఖరి కోత తీసేద్దామని పొద్దున్నే వెళ్లాడు. పొద్దు వాలుతుండగా నాచు నిండిన పడవ లాక్కుంటూ ఒడ్డుకొచ్చేసరికి తన స్థలంలో ఇల్లుంది. కింద పులుసు తాగిన గిన్నెలున్నాయి. కిటికీలో ముసలామె ఉంది.

"వచ్చావా పాలెవై?" అంది ఇందో సోంపా. "కాఫీ పెడదామంటే చక్కెర డబ్బా బండిలో ఎక్కడో పడిపోయింది. నీ దగ్గరుందా?"

పాలెవై తడి చేతులు చొక్కాకు తుడుచుకుని పాకలోకి వెళ్లి చక్కెర తెచ్చిచ్చాడు. తర్వాత ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. బెస్సె నిచ్చెన కట్టుకుంటూ తలెత్తకుండా మాట్లాడింది.

"నేను తెచ్చింది కాదు పాలెవై. హాజీగారిని అడుగు, ఎవర్నైనా అడుగు. మడచెట్ల దగ్గరికే ఒప్పుకున్నాను నేను."

"తెలుస్తూనే ఉంది."

"నీ బేరం చెడగొట్టను. రేపు వడ్రంగుల్ని పిలిచి పలకలు ఊడదీయిస్తాను. ఊడదీసేస్తే ఇక అది కలపే. ఎటు మోస్తే అటు వస్తుంది."

ఇల్లు ఊడదీయడం ఆ ఊళ్లో ఎవరూ చేయరు. ఊడదీసిన ఇల్లు మళ్లీ కట్టినా ఉలకదు, పలకదు. కట్టినచోట ఉంటుంది, అంతే. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో వేళ్లు చెబుతున్నాయి. నిచ్చెన ముడి మూడుసార్లు జారిపోయింది. పాలెవై వంగి తాడు తీసుకుని పడవ ముడి వేశాడు.

"ఈ నేల ఇటువైపు జారుడు," అన్నాడు. "వాన పడితే ఆ మూల స్తంభం కిందకు నీళ్లొస్తాయి. రేపు నాలుగు రాళ్లు వేస్తాను."

"రేపు ఊడదీసేదానికి రాళ్లెందుకు?"

"రేపటి సంగతి కదా," అన్నాడు. "పచ్చడి ఉందా? పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

మర్నాడు వడ్రంగులు రాలేదు. పిలవడానికి బెస్సె బయలుదేరింది గానీ, పాలెవై అప్పటికే మూల స్తంభం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని రాళ్లు పేరుస్తున్నాడు. "ఇది పట్టుకో కొంచెం," అంటే పట్టుకుంది. పట్టుకున్నాక మధ్యాహ్నమైపోయింది.

సోమవారం ఉపె కారులో కంపెనీ మేనేజరును వెంటబెట్టుకొచ్చాడు. పాలెవై తడికెల మీద నాచు ఆరబోస్తున్నాడు.

"క్రేను తెప్పిస్తున్నాం," అన్నాడు ఉపె. "నువ్వు సంతకం పెట్టు. ఇంటి సంగతి మాది."

"క్రేను ఎందుకులే. నేను అమ్మడం లేదు."

ఉపె కళ్లద్దాలు తీశాడు. "అన్నా, ఇలాంటి రేటు నీ జన్మలో మళ్లీ రాదు. కలిమంతాన్ పోతానన్నావు కదా? తమ్ముడు ఎదురుచూస్తున్నాడన్నావు కదా?"

"అన్నాను. కాదనడానికి అప్పుడు కారణం దొరకలేదు."

ఉపె ఇంటి వైపు చూశాడు. పైన ఇందో సోంపా దుప్పట్లు ఆరేస్తోంది, కింద బెస్సె అరటికాయలు చితగ్గొడుతోంది. మేనేజరు అప్పటికే ఒక పొట్లం కొనుక్కుని తింటున్నాడు. పచ్చడి ఘాటుకు కళ్లవెంట నీళ్లు కారుతుంటే, రెండో పొట్లం కట్టమన్నాడు.

ఆ సాయంత్రం పాలెవై తమ్ముడికి ఫోన్ చేశాడు.

"నా స్థలంలో ఒక ఇల్లు దిగిందిరా," అన్నాడు.

"ఎవరిల్లు?"

"బెస్సెది."

"సరేలే," అన్నాడు తమ్ముడు. "నీకని చూసిన పని ఇంకెవరికైనా చెబుతాను."

హోటలు హాజీ తాంగ్కా తోట వరకే కట్టారు. నలుగురు అల్లుళ్లూ సంతోషించారు. ఉపె రెండు నెలలు పాలెవైతో మాట్లాడలేదు గానీ, తర్వాత అతనిలోని బేరగాడు మేలుకున్నాడు. "ఇళ్లు వాటంతట అవే చోటు ఏరుకునే ఊరు సార్ ఇది," అని కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతూ అందరినీ మలుపు దగ్గరకే తీసుకొచ్చి, ఇంటిని చూపించి, అరటికాయలు తినిపించి పంపేవాడు. బస్సులు కూడా అక్కడే ఆగడం మొదలుపెట్టాయి. పాలెవై బెస్సెకు పెద్ద పొయ్యి కట్టాడు, పైన తాటాకు పందిరి వేశాడు. పందిరి వేశాక కూర్చోవడానికి బల్లలు చేశాడు. బల్లలు అయిపోయాక చేయడానికి ఏమీ మిగలక, ఒక మధ్యాహ్నం బెస్సె సంతకు వెళ్లినప్పుడు చూసి నిచ్చెన ఎక్కి ఇందో సోంపా ముందు కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నా తరఫున అడగడానికి పెద్దవాళ్లు ఎవరూ లేరు. బెస్సె తరఫున అడగాల్సింది నిన్నే."

ముసలామె చేతిలోని తమలపాకు ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపు సముద్రం వైపు చూసింది. ఆమె ఎవరి గురించి ఆలోచిస్తోందో పాలెవైకి తెలుసు. అందుకని కదలకుండా కూర్చున్నాడు.

"అది నా కొడుకు భార్య," అంది చివరికి.

"తెలుసు."

"దానితో పాటు నేనూ వస్తాను. అల్లుడికి అత్తగారు ఉండటం లోకంలో ఉంది. పెళ్లాం మొదటి అత్తగారిని ఎవరైనా ఏలుకుంటారా?"

"నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఇక్కడికి వచ్చేదా పెద్దమ్మా?"

"నేనేం తేలేదు. నేను ఊరికే కూర్చున్నాను," అంది. ఆకుకు సున్నం రాస్తూ, "దాన్ని నేను అడుగుతాలే. కాదనదు. బల్లలు చేసేటప్పుడు నువ్వు సరిగ్గా చూడలేదు గానీ, అది రోజూ నీకని వేరే పచ్చడి నూరేది," అంది.

ఆడపెళ్లివారికి మగపెళ్లివారు ఎంత ఇస్తున్నారన్నది ఆ ప్రాంతంలో పెళ్లికి ముందు అందరూ అడిగే ప్రశ్న. ఊళ్లో ఎవరడిగినా హాజీ తాంగ్కా తనే జవాబు చెప్పేవాడు. "ఇవ్వడానికేముంది? ఇల్లే వచ్చి తీసేసుకుంది కదా."

చిక్కల్లా ఊరేగింపు దగ్గర వచ్చింది. పెళ్లికొడుకు తన ఇంటి నుంచి బాజాలతో బయలుదేరి పెళ్లికూతురి ఇంటికి చేరుకోవాలి. పాలెవై పాకకూ పెళ్లికూతురి నిచ్చెనకూ మధ్య దూరం పది బారలు. డప్పు రెండు దెబ్బలు కొట్టేలోపే అయిపోతుంది. వాద్యాలవాళ్లు అవమానం అన్నారు. అందుకని పెద్దలు కూర్చుని ఒక తీర్మానం చేశారు. పెళ్లికొడుకును పట్టు లుంగీలో, బంగారు అంచు టోపీతో, గొడుగు కింద తీసుకెళ్లి ఊరంతా తిప్పి మళ్లీ అక్కడికే తీసుకురావాలి.

పెళ్లిరోజు ఎండ పేలిపోతోంది. పాలెవై తన పాకలోంచి బయటికొచ్చి, పెళ్లికూతురి ఇంటిని పక్కనే వదిలేసి, అటు తిరిగి నడవడం మొదలుపెట్టాడు. వెనక ఊరంతా నడిచింది. పళ్ల గంపలు, మిఠాయి పళ్లేలు, పసిపిల్లలు, డప్పులు. ఇల్లు తమ జాగాలోకి రాకుండా ఆ రోజు కుర్చీలేసుకున్నవాళ్లే ఇవాళ వాకిట్లోకి వచ్చి అతని మీద బియ్యం చల్లారు. బడిపంతులు భార్య అతణ్ణి ఆపి మంచినీళ్లిచ్చి, "మా దగ్గర దిగి ఉంటే నాకు ఎంచక్కా తోడు దొరికేది, తెలివి లేక వద్దన్నాను," అంది. హోటలు దగ్గర మేనేజరు గేటు తీసి లోపల ఒక చుట్టు తిప్పించాడు.

తిరిగి తిరిగి మలుపు దగ్గరకు వచ్చేసరికి పాలెవై టోపీ కింద నుంచి చెమట ధారలు కడుతోంది. నిచ్చెన కింద ఆగాడు. పైనుంచి ఆడపెళ్లివారి పెద్ద ఎవరైనా దిగి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. బెస్సెకు తల్లీ తండ్రీ ఇప్పుడు లేరు. అందరూ పైకి చూశారు.

ఇందో సోంపా వచ్చింది. కొత్త చీరలాంటి ఆకుపచ్చ సరోంగు కట్టుకుని, ఒక్కో మెట్టూ వెనక్కి తిరిగి దిగి, అతని ఎదురుగా నిలబడింది. అతని చెయ్యి పట్టుకుంది. ఏమని పిలిచి పైకి రమ్మనాలో ఆమె ముందు ఆలోచించుకున్నట్టు లేదు. అల్లుడూ కాదు, ఉత్త పొరుగువాడూ కాదు. డప్పులు ఆగి ఆమె మాట కోసం చూస్తున్నాయి.

"ఊరంతా తిరిగొచ్చావు," అంది. "కాళ్లు నొప్పులుగా ఉండి ఉంటాయి. ఇంట్లోకి పద నాన్నా."

లోపల పెళ్లిపీట మీద తల దించుకుని కూర్చున్న బెస్సె ఆ పిలుపు విన్నది. కొడుకును పిలిచే ఆ పిలుపు ముసలామె నోట వినక ఎనిమిదేళ్లయింది. పక్కనున్న ఆడవాళ్లు పూలు సర్దుతుంటే తలెత్తి, గుమ్మంలోకి వస్తున్న ఇద్దరినీ చూసి, పెళ్లికూతురు నవ్వకూడదని ఎంతమంది చెప్పినా వినకుండా నవ్వేసింది.